‘కాష్ క్లియర్ చేయండి’ అనే సర్వరోగ నివారిణి

ఆన్‌లైన్‌లో సరుకు అమ్మకానికి పెట్టే పేజీ మొరాయిస్తే తప్పు అమ్మకందారుదేననీ, అతని బ్రౌజర్‌ను శుభ్రం చేసుకుంటే సమస్య దానంతటదే తీరిపోతుందనీ ఒక అభిప్రాయం గట్టిగా నాటుకుపోయింది. అమ్మకపు వేదికల సహాయ కేంద్రాలు, ‘డిజిటల్ వ్యాపారం’ నేర్పే శిక్షణ తరగతులు, వీధి చివరి నెట్ సెంటర్లు ఇంచుమించు ఒకే పాఠం అప్పజెబుతున్నాయి: కాష్ క్లియర్ చేయండి, కుకీలు తీసేయండి, వేరే బ్రౌజర్‌లో చూడండి, నెట్ స్లోగా ఉందేమో చూసుకోండి. ఈ నాలుగూ చేసినా పని కాకపోతే ఐదో మాట సిద్ధంగా ఉంటుంది: మీకు కంప్యూటర్ సరిగా రాదు. సాంకేతికంగా చూస్తే ఈ చిట్కాల వరుస తలకిందులుగా ఉంది. న్యాయంగా చూస్తే అది వేదిక మోయవలసిన భారాన్ని చిన్న అమ్మకందారు నెత్తిన పెడుతోంది. ఈ రెండు విషయాలనూ నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సరుకు పేరు, ధర, కొలతలు, పన్ను కోడ్, ఫోటోలు నింపి వేదికకు పంపే పత్రాన్ని లిస్టింగ్ అంటారు. ఆ పత్రాన్ని తెరిచి చూపే సాఫ్ట్‌వేర్ బ్రౌజర్. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ ఆ కోవలోవి. ఒకసారి తెచ్చుకున్న బొమ్మలనూ ప్రోగ్రామ్ ఫైళ్లనూ మళ్లీ మళ్లీ దింపుకోకుండా బ్రౌజర్ తన దగ్గరే దాచుకునే నిల్వను కాష్ అంటారు. ఇప్పుడు వచ్చినవారు ఇందాక లాగిన్ అయినవారేనని వేదిక గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో ఉంచే చిన్న గుర్తింపు చీటీ కుకీ. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటుల్లీ దాన్ని రూపొందించింది కూడా ఆన్‌లైన్ దుకాణంలో కొనుగోలుదారు బుట్టను గుర్తుంచుకోవడం కోసమే. ఈ లెక్కన లిస్టింగ్ అనే ఒక్క పని నాలుగు చోట్ల నడుస్తుంది: అమ్మకందారు పరికరంలో, అందులోని బ్రౌజర్‌లో, మధ్యనున్న నెట్‌వర్క్‌లో, చివరికి వేదిక సర్వర్‌లో. ఎక్కడ తెగిందో తేల్చకుండానే ఈ నాలుగింటిలో ఒకదాన్ని దోషిగా పట్టుకోవడం ప్రచారంలో ఉన్న అభిప్రాయానికి మొదటి లోపం.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలకు ఇది ఎక్కడో నగరాల్లో జరిగే చర్చ కాదు. సిరిసిల్లలో 20,000కు పైగా మరమగ్గాలు, అంటే స్థానికులు సాంచాలనేవి, ప్రధానంగా పాలిస్టర్ గుడ్డ నేస్తాయి. 2017లో మొదలైన బతుకమ్మ చీరల పథకం కొన్నేళ్లపాటు వాటికి ప్రభుత్వాన్నే పెద్ద కొనుగోలుదారుగా చేసింది. ఒక్క కొనుగోలుదారు మీద ఆధారపడిన పని ఆ ఆర్డర్ ఆగిన రోజునే కుంటుపడుతుంది కాబట్టి, కొద్దిపాటి సాంచాలున్న ఆసాములు సైతం బయటి గిరాకీ వెతుక్కోక తప్పడం లేదు. 2022లో రాజన్న సిరిపట్టు పేరుతో విడుదలైన పట్టుచీర ఆ ఊరి నేత పాలిస్టర్‌తోనే ఆగిపోలేదని చూపింది. జగిత్యాల ప్రాంతపు బంగినపల్లి మామిడిని 2022లో ఆర్టీసీ కార్గో విభాగం ఆన్‌లైన్ బుకింగ్‌తో ఇంటికి చేర్చింది. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతం పసుపుకూ గల్ఫ్ వలసకూ పేరుపడింది. చీర పది రోజులు ఆలస్యంగా అమ్మకానికి ఎక్కినా చెడిపోదు గానీ, కొన్ని వారాలే ఉండే మామిడి సీజన్‌లో లిస్టింగ్ నాలుగు రోజులు ఆగితే ఆ నాలుగు రోజుల సరుకు మార్కెట్‌లో వచ్చిన కాడికి పోతుంది. కాబట్టి తప్పుడు చిట్కా వల్ల కలిగే నష్టం సమయ నష్టం మాత్రమే కాదు.

మొదట కాష్ సంగతి చూడాలి. కాష్ తుడిస్తే కొన్నిసార్లు పని అవుతుందన్న మాట నిజమే, దాన్ని కాదనవలసిన పని లేదు. వేదిక తన పేజీని రాత్రికి రాత్రి మార్చినప్పుడు, కొత్త పేజీ పాత ప్రోగ్రామ్ ఫైలుతో పొసగక ‘సేవ్’ బటన్ పలకకుండా పోవచ్చు. కుకీలు పేరుకుపోయి, బ్రౌజర్ పంపే అభ్యర్థన తలభాగం మితిమీరి పెరిగితే సర్వర్ దాన్ని తిప్పికొట్టవచ్చు. అయితే ఈ రెండు సందర్భాలనూ దేన్నీ తుడవకుండానే గుర్తించే మార్గం ప్రతి బ్రౌజర్‌లోనూ ఉంది. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో అనీ, ఇతర బ్రౌజర్లలో ప్రైవేట్ అనీ పిలిచే విండో పాత కుకీలు లేకుండా తెరుచుకుంటుంది. ప్రకటనలను అడ్డుకునేవి, కూపన్లు వెతికేవి వంటి ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు తగిలించుకున్న అదనపు పనిముట్లు, క్రోమ్‌లో మామూలుగా ఆ విండోలో పనిచేయవు. అదే లిస్టింగ్ ఆ విండోలో సాగిపోతే దోషం పాత నిల్వలోనో ఎక్స్‌టెన్షన్‌లోనో ఉందని తేలుతుంది. అక్కడా ఆగిపోతే దోషం పాత నిల్వలో ఉండే అవకాశం బాగా తగ్గిపోతుంది. నిమిషంలో తేలే పరీక్షను పక్కనబెట్టి, వెనక్కి తెచ్చుకోలేని పనిని ముందు చేయమనడం ఏ విద్యలోనూ పద్ధతి కాదు.

వెనక్కి తెచ్చుకోలేనిదేమిటని అడిగేవారు ఉంటారు. ‘కుకీలు, ఇతర సైట్ డేటా’ అనే గడిలో టిక్ పెట్టి తుడిచినప్పుడు, కొన్ని వేదికలు బ్రౌజర్‌లోనే దాచే సగం నింపిన చిత్తుప్రతులు కూడా పోతాయి. తెరిచి ఉన్న ప్రతి ఖాతా నుంచీ బయటికి రావలసి వస్తుంది. ‘ఈ పరికరం నమ్మదగినది’ అని వేదిక గుర్తుంచుకున్న చీటీ సైతం చెరిగిపోతుంది. కోరుట్ల ప్రాంతంలో భర్త దుబాయిలో, భార్య ఊరిలో ఉన్న ఇళ్లకు కొదవ లేదు. అమ్మకపు ఖాతా భర్త నంబరు మీద ఉండి, పసుపు పొడి ప్యాకెట్ల లిస్టింగ్ భార్య ఊరిలో కూర్చుని పెడుతున్న ఇంట్లో కుకీలు తుడిస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. కొత్త లాగిన్‌కు ఓటీపీ దుబాయిలోని ఫోన్‌కు పోతుంది. అతను డ్యూటీలో ఉంటాడు, లేదా ఆ భారతీయ సిమ్ రోమింగ్ లేక మూగబోయి ఉంటుంది. ఓటీపీ గడువు నిమిషాల్లోనే ముగుస్తుంది. రెండు మూడు ప్రయత్నాలు విఫలమయ్యాక వేదిక భద్రత పేరుతో ఖాతాను తాత్కాలికంగా నిలిపేస్తే, మొదట లిస్టింగ్ ఒక్కటే ఆగిన చోట ఇప్పుడు దుకాణమే మూతపడుతుంది. సహాయ కేంద్రం మాత్రం తన సలహా ఇచ్చేసినట్టు నమోదు చేసుకుని ఫిర్యాదును మూసేస్తుంది. నిజంగానే దోషం కుకీలో ఉన్నప్పుడు కూడా అన్నింటినీ తుడవనక్కర్లేదు. చిరునామా గడి పక్కనున్న గుర్తు నొక్కి ఆ ఒక్క వేదిక డేటాను మాత్రం తీసేసే వీలుంది, అదీ నింపిన వివరాలను వేరే చోట కాపీ చేసుకుని, ఓటీపీ వచ్చే ఫోన్ అందుబాటులో ఉందని చూసుకున్నాకే చేయాలి.

‘వేరే బ్రౌజర్‌లో చూడండి’ అనే మూడో చిట్కా పైకి నిరపాయంగా కనిపిస్తుంది గానీ, దాని వెనుక ఉన్న అవగాహన పలచనిది. క్రోమ్ పనిచేయకపోతే ఎడ్జ్ తెరవమని చెప్పేవారు, 2020 జనవరి నుంచి ఎడ్జ్ కూడా క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం మీదే నడుస్తోందన్న సంగతి గమనించరు. బ్రేవ్, ఒపేరా కూడా ఆ పునాది మీదివే. పేజీని గీసే అంతర్యంత్రం ఒకటే అయినప్పుడు పేరు మార్చి చేసే పరీక్ష పాత కుకీల గురించి ఏదైనా చెప్పగలదేమో గానీ, పేజీకీ యంత్రానికీ పొసగని సమస్య గురించి ఏమీ చెప్పలేదు. ఆ తేడా తెలియాలంటే గెకో అనే వేరే యంత్రం మీద నడిచే ఫైర్‌ఫాక్స్‌లో చూడాలి.

ఇక నెట్ సెంటర్లలోనూ చిన్న దుకాణాల్లోనూ కొనసాగే పాత కంప్యూటర్ల విషయంలో ఏ బ్రౌజర్ అన్నది కాదు, ఏ కూర్పు అన్నదే అసలు ప్రశ్న. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న ముగిసింది. దాని మీద నడిచే చివరి క్రోమ్ కూర్పు 109, 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110వ కూర్పు దాని మీద ఎక్కదు. తర్వాతి బ్రౌజర్లను దృష్టిలో పెట్టుకుని రాసిన పేజీ ఆ యంత్రంలో సగమే తెరుచుకుంటే, కాష్‌ను వందసార్లు తుడిచినా 109వ కూర్పు 110 కాదు. ఇలాంటి కంప్యూటర్లకు ఉండే మరో జబ్బు గడియారం. మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. వెబ్‌సైటు నిజమైనదేనని రుజువు చేసే భద్రతా పత్రానికి మొదలు, చివర తేదీలు ఉంటాయి కాబట్టి, బ్రౌజర్ ఆ పత్రం చెల్లదని తీర్మానించి ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అని ఆపేస్తుంది. తేదీ సరిచేసి, తక్కువ ధరకు దొరికే బ్యాటరీ మార్చితే తీరే పనికి బ్రౌజర్‌ను తీసేసి మళ్లీ ఎక్కించేవారు ఉన్నారంటే, చెప్పేవారు లక్షణాన్ని చూడకుండానే మందు రాశారన్నమాట.

‘నెట్ స్లోగా ఉంది’ అనే నాలుగో చిట్కాలో సగం సత్యం ఉంది. వీడియో బాగానే ఆడుతోంది కాబట్టి నెట్ బాగుందనుకోవడం పొరపాటు, ఎందుకంటే వీడియో దిగుమతి, ఫోటో పంపడం ఎగుమతి. మొబైల్ నెట్‌లో ఈ రెండింటి వేగం సాధారణంగా ఒకటి కాదు. 5 ఎంబీ ఫోటో అంటే 40 మెగాబిట్లు. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున పంపే లైన్‌లో ఒక్కో ఫోటోకు కనీసం 40 సెకన్లు, ఆరు ఫోటోలకు 4 నిమిషాలు పడుతుంది. ఆలోపు సర్వర్ వేచి చూసే గడువు ముగిస్తే పేజీ తిరుగుతూనే ఉండిపోతుంది. ఇక్కడ కాష్ తుడవడం ఎదురు దెబ్బ కొడుతుంది. ఉన్న ఫైళ్లన్నీ మళ్లీ అదే లైన్ మీద దింపుకోవలసి వస్తుంది. చేయవలసిందల్లా వేదిక అడిగిన కొలతకు ఫోటోను కుదించడం. ఆ కుదింపు కోసం వాట్సాప్‌లో పంపించుకుని దించుకునే అలవాటు పట్టుచీరకు చేటు చేస్తుంది. మామూలుగా పంపిన ఫోటోను వాట్సాప్ తనంతట తానే నలిపేస్తుంది కాబట్టి జరీ అంచులోని సన్నని నేత మసకబారి, సరుకు నాణ్యత తెరమీద కనిపించకుండా పోతుంది. గల్ఫ్ నుంచి తెచ్చిన ఐఫోన్‌తో తీసిన ఫోటోది మరో చిక్కు. 2017లో ఐఓఎస్ 11తో యాపిల్ తెచ్చిన హెచ్‌ఈఐసీ అనే ఫైలు రూపాన్ని చాలా అమ్మకపు పత్రాలు తీసుకోవు. కెమెరా సెట్టింగుల్లోని ఫార్మాట్స్‌లో ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుంటే ఫోటో అందరికీ తెలిసిన జేపీజీగా వస్తుంది. ఈ చిక్కుకు బ్రౌజర్‌తో ఏ సంబంధమూ లేదు.

ప్రచారంలో ఉన్న అభిప్రాయం అసలే చూడని కోణం భాష. ఇంగ్లీషు పేజీ అర్థంకాని అమ్మకందారు క్రోమ్‌లోని అనువాద సదుపాయంతో దాన్ని తెలుగులోకి మార్చుకుంటాడు. అది అతని హక్కు మాత్రమే కాదు, తెలివైన పని కూడా. కానీ రియాక్ట్ వంటి ప్రోగ్రామ్ లైబ్రరీలతో కట్టిన పేజీలు తెరమీది ప్రతి మాటా తాము పెట్టిన చోటే ఉంటుందని నమ్ముతాయి. అనువాద సాధనం ఆ మాటలను తీసి కొత్త తొడుగుల్లో పెడుతుంది. అమ్మకందారు చీర రకాన్ని మార్చగానే లైబ్రరీ పాత మాటను తీయబోయి, అది అక్కడ దొరకక, మొత్తం పేజీనే తెల్లగా చేసి చేతులెత్తేస్తుంది. 2017 నుంచీ ప్రోగ్రామర్ల మధ్య నమోదై ఉన్న దోషం ఇది. దీనికి మూలం నిల్వలో లేదు గనుక కాష్ తుడిచినా పోదు. పత్రం నింపేంతసేపు అనువాదం ఆపితే పోతుంది. అయితే ‘అనువాదం ఆపండి’ అనడం అమ్మకందారుకు ఇచ్చే తాత్కాలిక సలహా మాత్రమే అవుతుంది. తెలుగు జిల్లాల్లో అమ్మకందారులను చేర్చుకుంటున్న వేదిక తన పత్రాన్ని తెలుగులోనే ఇవ్వడం, అది కుదరకపోతే అనువాదం తగిలినా కూలిపోకుండా కట్టుకోవడం దాని విధి.

తెలుగులో పేరు టైపు చేసినప్పుడు వచ్చే చిక్కులు ఇంకా సూక్ష్మమైనవి. ‘నెట్‌వర్క్’ వంటి మాటల్లో పొల్లు హల్లు తర్వాతి హల్లుతో కలిసిపోకుండా ఫోన్ కీబోర్డు మధ్యలో ఒక కనిపించని అక్షరం చొప్పిస్తుంది. సరుకు పేరులో ప్రత్యేక గుర్తులు ఉండరాదన్న నియమం పెట్టిన పత్రం దాన్ని పట్టుకుని ‘చెల్లని అక్షరం’ అంటుంది. తెరమీద చెల్లని అక్షరమేదీ లేదు, అమ్మకందారుకు కనిపించేదల్లా తాను రాసిన శుద్ధమైన తెలుగే. గడి పరిమితిని బైట్లలో, అంటే కంప్యూటర్ నిల్వ కొలతలో, లెక్కపెట్టే చోట అన్యాయం మరింత స్పష్టం. యూటీఎఫ్-8 అనే సర్వసాధారణ సంకేత పద్ధతిలో ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, తెలుగులో ప్రతి అక్షరమూ ప్రతి గుణింతపు గుర్తూ మూడేసి బైట్లు. ‘సిరిసిల్ల’ అనే నాలుగక్షరాల మాటలో తొమ్మిది సంకేతాలున్నాయి కాబట్టి దానికి 27 బైట్లు పడుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగుకు 8 చాలు. ఇంగ్లీషులో సులువుగా ఇమిడే వివరణ తెలుగులో ఎర్రగీత పడితే అది బ్రౌజర్ దోషమూ కాదు, అమ్మకందారు అజ్ఞానమూ కాదు; గడి కొలత పెట్టినవారు తెలుగును లెక్కలోకి తీసుకోలేదు.

అన్నింటికన్నా ఎక్కువ తప్పుదారి పట్టించేది, నియమం వల్ల ఆగిన లిస్టింగ్‌ను బ్రౌజర్ దోషంగా చూపడం. చేనేత విభాగంలో మరమగ్గం చీర పెట్టబోతే అది ఆగడం సబబే. 1985 నాటి చట్టం కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించింది, చేనేత కోసమే నడిచే పోర్టళ్లలో సాంచాల గుడ్డకు చోటు లేదు. అలాగే పాలిస్టర్ తంతువుల చీర పన్ను కోడ్ 5407తో, పట్టుచీరది 5007తో మొదలవ్వాలి. వాట్సాప్ సందేశం నుంచి ఆ కోడ్‌ను కాపీ చేసి అతికించినప్పుడు చివర ఒక ఖాళీ కూడా అంటుకొస్తే, అంకెలన్నీ సరిగ్గా ఉన్నా పత్రం దాన్ని తిరస్కరించవచ్చు. చేత్తో మళ్లీ కొడితే తీసుకుంటుంది. ‘ఈ విభాగంలో ఈ సరుకు పెట్టరాదు’, ‘కోడ్ చివర ఖాళీ ఉంది’ అని ఒక్క వాక్యంలో చెప్పగలిగిన చోట ‘ఏదో పొరపాటు జరిగింది, కాసేపాగి ప్రయత్నించండి’ అనే సందేశం చూపితే, ఆసామి బ్రౌజర్లు మారుస్తూ రోజంతా గడుపుతాడు.

దీనికి ఎదురువాదం ఒకటి బలంగానే వినిపిస్తుంది. రోజూ వచ్చే అన్ని ఫిర్యాదుల్లో ఒక్కొక్కదానికీ కారణం వెతకడం సాధ్యం కాదనీ, సామాన్య అమ్మకందారుకు ఇంత వివరం అర్థం కాదనీ, అందరికీ ఒకే చిట్కా చెప్పడమే ఆచరణ సాధ్యమనీ ఆ వాదం. కాని కారణం వేరుచేయడానికి మూడు ప్రశ్నలు చాలు, మూడూ ఎవరికైనా అర్థమయ్యేవే. అదే ఖాతాతో అదే సరుకు మరో ఫోన్‌లో, మరో నెట్ మీద పెడితే అవుతోందా? అయితే దోషం ఈ పరికరంలోనో ఈ లైన్‌లోనో ఉంది, రెండింటినీ విడివిడిగా మార్చి చూస్తే ఏదో తేలుతుంది. కాకపోతే సరుకు వివరాల్లోనో ఖాతాలోనో సర్వర్‌లోనో ఉంది. అదే పరికరంలో ప్రైవేట్ విండోలో అవుతోందా? అయితే పాత నిల్వను, ఎక్స్‌టెన్షన్లను అనుమానించాలి. ఫోటోలు లేకుండా, పేరు ఇంగ్లీషులో పెట్టి, కోడ్ చేత్తో కొడితే ముందుకు పోతోందా? అయితే వాటిని ఒక్కొక్కటిగా తిరిగి చేర్చుతూ పోతే దోషి దొరుకుతుంది. ఒకసారికి ఒక్క మార్పే చేయాలన్నది ఈ పద్ధతికి ప్రాణం. సాంచె ఆగినప్పుడు పోగు తెగిందా, కండె అయిపోయిందా, మోటారు ఆగిందా అని చూసి గాని చేయి పెట్టని కార్మికుడికి ఈ పద్ధతి అర్థం కాదనడం అతని పనితనాన్ని ఎరగనివారు అనే మాట.

పైగా, కారణం వెతకడం వేదికకు కష్టమన్న మాటలో నిజం తక్కువ. సర్వర్ ప్రతి అభ్యర్థనకూ మూడంకెల జవాబు పంపుతుంది: 4తో మొదలైతే పంపినదానిలో లోపం, 5తో మొదలైతే సర్వర్‌లోనే లోపం. 413 అంటే పంపినది పరిమితికి మించి పెద్దదని, 503 అంటే సేవ ప్రస్తుతం అందుబాటులో లేదని అర్థం. కంప్యూటర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ అనే పలకలో చూస్తే ఈ అంకె ఎవరికైనా కనిపిస్తుంది. దాన్ని ఫోటో తీసి ఫిర్యాదుకు జతచేసిన అమ్మకందారును కాష్ పాఠంతో పంపించేయడం అంత సులువు కాదు. వేదిక వద్ద ఇదే సమాచారం సమయంతో సహా నమోదై ఉంటుంది. తన సర్వర్ 503 పంపిన గంటలో ఫోన్ చేసిన రైతుకు ‘మీ బ్రౌజర్ చూసుకోండి’ అని చెప్పడాన్ని అజ్ఞానం అనలేము. తెలిసిన సంగతిని దాచడం అది.

చట్టం కూడా ఇప్పటిదాకా ఒక వైపే చూసింది. 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు ఫిర్యాదుల అధికారిని నియమించాలనీ, వినియోగదారు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలనీ, నెలలోపు పరిష్కరించాలనీ వేదికలను ఆదేశించాయి. ఆ గడువు కొనేవారికోసం పెట్టినది. లిస్టింగ్ ఆగిపోయిన అమ్మకందారుకు ఆ నియమాల్లో అలాంటి గడువు లేదు. అమ్మేవారు పెద్ద వ్యాపారులనీ, తమను తాము కాపాడుకోగలరనీ ఉన్న ఊహ దీని వెనుక ఉంటే, పది సాంచాల ఆసామి, ఐదెకరాల మామిడి రైతు, ఇంటి దగ్గర పసుపు దంచి అమ్మే మహిళ ఆ ఊహలో ఇమడరు.

అందువల్ల తిరగరాయవలసింది చిట్కాల జాబితాను మాత్రమే కాదు, బాధ్యతల పంపకాన్ని కూడా. ఫోన్ తేదీ, ఫోటో కొలత, బ్రౌజర్ కూర్పు చూసుకోవడం అమ్మకందారు వంతు; వాటిని వరుసగా చూడటం నేర్పడం శిక్షణ ఇచ్చేవారి వంతు. ఆగిన కారణాన్ని తెలుగులో చెప్పడం, చిత్తుప్రతిని బ్రౌజర్‌లో కాక తన సర్వర్‌లో భద్రపరచడం, తన లోపం ఉన్న గంటల్లో ఆ సంగతి ఒప్పుకోవడం, అమ్మకందారు ఫిర్యాదుకూ గడువు పెట్టుకోవడం వేదిక వంతు. ఈ నాలుగూ సాంకేతికంగా నేడు కష్టమైనవేమీ కావు. వీటిని చేయని వేదిక కాష్ తుడవమని చెప్పినప్పుడల్లా అమ్మకందారు అడగవలసిన ప్రశ్న ఒకటే: మీ సర్వర్ పంపిన అంకె ఎంత?